నిండుకున్న గడులు

మాది కిరాణా కొట్లవాళ్ల వంశం. కొట్లో సరుకు అయిపోతే ‘లేదు’ అనకూడదు, ‘నిండుకుంది’ అనాలి. ఈ చదువుతోనే తొంభైల్లో దేశ రాజధానిలో, సాకేత్‌లోని ఒక సర్వే ఆఫీసులో చేరాను. ప్రొబేషన్ ముగియవస్తోంది, ఆ నెలాఖరుకు ఉద్యోగం ఖాయం కావాలి.

ఘాజియాబాద్ ఇళ్లలో అడిగి తెచ్చిన జవాబులను స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించి, ఫ్లాపీలో పెట్టి, పక్క గదిలోని స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌కు అప్పగించడం నా పని. ‘ఇంట్లో ఎంతమంది?’ అంటే కొందరు చెప్పలేదు. జవాబు లేనిచోట తొంభైతొమ్మిది వేయడం ఆఫీసు పద్ధతి. ఖాళీ గడి కనబడితే ప్రాణం ఒప్పని నాకు అంతకంటే శుభం ఏముంది? అన్నీ నింపేశాను. ఆ అంకెకు ‘తెలీదు’ అని అర్థమని సాఫ్ట్‌వేర్‌కు విడిగా చెప్పాలి. చెప్పలేదు. తెలుగు రాని యంత్రం కదా, నిండుకుందంటే నిండుగా ఉందనుకుంది.

కుటుంబానికి సగటున పదకొండు మంది తేలారు.

మా బాస్ ఎయిర్‌ఫోర్స్‌లో రిటైరైన తెలుగాయన. ప్రెషర్ కుక్కర్లు చేసే క్లయింటు ఎదుట ఆ అంకె గంభీరంగా చదివారు. క్లయింటు మొహం వెలిగిపోయింది. ఆయన ఊహలో పెద్ద సైజు కుక్కరు అప్పుడే ఈల వేస్తోంది. నాకు మాత్రం ఘాజియాబాద్ వైశాలిలో నేను అద్దెకున్న రెండు గదులు గుర్తొచ్చాయి. అందులో పదకొండు మంది పడుకోవాలంటే వంతులు వేసుకోవాలి.

టీ వచ్చిన సందులో పక్క గదికి పరుగెత్తి లెక్క సరిచేయిస్తే అయిదు తేలింది. తిరిగొచ్చి బాస్ చెవిలో ఊదాను.

“సార్, కొన్ని ఇళ్లలో తొంభైతొమ్మిది మంది ఉన్నారు.”

“ఇళ్లా అవి, బారక్సా? నువ్వు చేసిందేగా, నువ్వే చెప్పు.”

లేచాను. “సర్, పదకొండు కాదు, పాంచ్.”

క్లయింటు బజారులో పుట్టిన మనిషే. కప్పు కింద పెట్టి, “చలో భాయ్, ఆఠ్,” అన్నాడు. ఎనిమిదికి దిగాడన్నమాట.

“పాంచ్, సర్.”

“సాత్. నీదీ కాదు, నాదీ కాదు.”

ఏడుకు వచ్చేశాడు. ఇంకొక్క మాటంటే ఆరుకు కుదిరేది, చెయ్యి కలిపేవాణ్ణి. కానీ జన్మలో మొదటిసారి నా దగ్గర తగ్గించడానికీ పెంచడానికీ ఏమీ లేదు.

“ఏక్ దామ్, సర్,” అన్నాను. ఒకటే ధర, బేరం లేదని.

ఆయన నవ్వి, తను తెచ్చిన బొమ్మల్లోంచి చిన్న కుక్కరుది ముందుకు లాక్కున్నాడు.

క్లయింటు వెళ్లిపోయాక బాస్ నన్ను పిలిచారు. “ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగిస్తున్నా.”

“మూడు చేయండి సార్.”

“ఏక్ దామ్ అయ్యా,” అన్నారు.