మంచి కన్నుకి ప్లాస్టరు

ఆ రోజుల్లో నా తలలోని పన్నెండు జతల కపాల నాడులూ శుభ్రంగానే పనిచేసేవి. పుస్తకాల్లో లేని పదమూడోది మాత్రం కాస్త ఎక్కువగా పనిచేసేది. దాని పేరు అసూయ. పాస్టరుగారబ్బాయి వార్డులోకి అడుగుపెడితే చాలు, అది జివ్వున లాగేది. (నరసాపురం వాడు. వాళ్ళ నాన్నగారు పాస్టరు కాబట్టి కాలేజీ అంతా అలాగే పిలిచేది.) రాజమండ్రిలో ఇద్దరం ఒకే యూనిట్లో హౌస్ సర్జన్లం. మొదటి నాడి పరీక్షకి, అంటే రోగికి వాసన తెలుస్తోందో లేదో చూడ్డానికి, వాడు జేబులో చిన్న సీసాతో కాఫీపొడి పెట్టుకు తిరిగేవాడు. నేనూ పెట్టుకున్నాను, పొట్లం కట్టి. అది కాస్తా చిరిగి నా తెల్లకోటు రెండు వారాలు కాఫీ హోటల్లా గుబాళించింది. పన్నెండో నాడి కోసం "నాలుక చాపండి తాతగారూ" అని వాడంటే ఎంతటి పెద్దమనిషైనా చాపేవాడు. నేనడిగితే "డాక్టరుగారి ముందు బావోదండీ" అని నోరు మూసుకునేవాడు. నాకు కడుపు మండిపోయేది.

ఒక నెల పెద్దసారు, అంటే మా యూనిట్ ప్రొఫెసరుగారు, శనివారం కాలేజీ అందరి ముందు కేసు చెప్పే అవకాశం మా ఇద్దరిలో ఒక్కరికే ఇస్తానన్నారు. నాకది కావాలి. అంతకన్నా ముఖ్యంగా, వాడికి రాకూడదు. గురువారం పొద్దున్నే కడియం నుంచి ఒకావిడ వచ్చింది. నర్సరీలో గులాబీలకి అంట్లు కడుతుందట. లేచి నోరు పుక్కిలిస్తే నీళ్ళన్నీ ఒక పక్కనుంచి కారిపోయాయంది. ఏడో నాడి! ముఖాన్ని కదిలించేది అదే! వాడింకా వార్డులోకి రాలేదు. "నవ్వండమ్మా" అన్నాను. నవ్వితే మూతి ఎడమ పక్కకి లాక్కుపోయింది. ఇంకేం కావాలి? ఎడమ ఏడో నాడి దెబ్బతిందని కేసు షీట్లో రాసేసి, రెప్ప పడక కన్ను ఎండిపోకుండా ఎడమ కంట్లో మందు వేసి, మూసి, ప్లాస్టరు అంటించేశాను. "ఈ కన్ను బానే ఉందండి బాబూ" అందావిడ. "మీకు తెలీదు, ఉండండి" అన్నాను.

రెండు గంటల తరవాత వచ్చి చూద్దును కదా, ఆవిడ ఫ్యాను కింద కూర్చుని, ఎర్రబడ్డ కుడికంట్లోంచి ధారగా నీళ్ళు కారుస్తూ పాస్టరుగారబ్బాయికి చెబుతోంది. "మంచిదాన్ని మూసేశారండి ఆ బాబుగారు. చెడ్డదాంతో చూస్తన్నానండి." వాడు మెల్లిగా ప్లాస్టరు ఊడదీసి, "రెండు కళ్ళూ గట్టిగా మూయండి పిన్నిగారూ" అన్నాడు. కుడి రెప్ప పడలేదు. నుదురు ముడవమంటే కుడివైపు ఒక్క ముడత లేదు. అప్పుడు గుర్తొచ్చింది నాకు: పడిపోయిన వైపు లాగే బలం ఉండదు, మూతిని లాక్కుపోయేది బాగున్న వైపే! వాడు కుడికంట్లో చుక్కలు వేసి, ప్లాస్టరు ఆ కంటికి మార్చి, కేసు షీటు నా చేతిలో పెట్టాడు. "పెద్దసారు వచ్చేస్తన్నారు, దిద్దుకోరా" అన్నాడు. ఎడమ అని ఉన్నచోటల్లా కుడి అని దిద్దుకున్నాను. పెద్దసారు షీటు చూసి మెచ్చుకుని, శనివారం నన్నే చెప్పమన్నారు. వాడు నోరు విప్పలేదు. పైగా నా వీపు తట్టాడు. నెగ్గినవాణ్ణి నేనైతే మంచివాడు మాత్రం వాడు కావడమేంటని ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. (ఆవిడ కన్ను నాలుగు రోజుల్లో తేటపడింది. మూతి సరవ్వడానికి రెండు నెలలు పట్టింది. చివరిసారి వచ్చినప్పుడు గులాబీ మొక్క తెచ్చి వాడికే ఇచ్చింది.)

ఇప్పుడు నేను పాఠాలు చెబుతున్నాను. ఏడో నాడి వచ్చినప్పుడల్లా "మా బ్యాచ్‌లో ఒకడు మంచి కన్నుకి ప్లాస్టరు వేశాడర్రా" అని క్లాసుని నవ్విస్తాను. ఆ ఒకడెవడని ఈ ఏడాది పిల్లలు మరీ పట్టుబడితే, "నరసాపురంలో పేరున్న డాక్టరు" అనేశాను. నా సిగ్గుమాలినతనం అలాంటిది. పోయిన నెల వాణ్ణే మా కాలేజీవాళ్ళు అతిథిగా పిలిచారు. ఉపన్యాసం అయ్యాక ఒకమ్మాయి లేచి, "సార్, మంచి కన్నుకి ప్లాస్టరు వేసింది మీరేనటగా సార్?" అని అడిగేసింది. ముందు వరసలో నేను ఆహ్వానపత్రం చదవడం మొదలెట్టాను. వాడు ఒక్క క్షణం నా వంక చూశాడు.

"అవునమ్మా, నేనే. తొందరపడ్డాను. మీరు మాత్రం ముందు రెండు కళ్ళూ మూయించి చూడండి" అన్నాడు.

హాలు హాలంతా లేచి చప్పట్లు. నా తప్పుకి కూడా చప్పట్లు వాడికే! నేనూ లేచి అందరికన్నా గట్టిగా కొట్టాను. ఈ వయసులోనూ కడుపు మండింది, నవ్వూ వచ్చింది.