ఆరుగురు పట్టే లిఫ్టు, నాలుగు వేల ఓట్లు

ఆ ఏడంతస్తుల భవనంలో లిఫ్టు నడిపే మనిషికి పేరు లేకేం, ఉంది. ఆ పేరుతో పిలిచేవాళ్ళే లేరు. వాచ్‌మన్ దగ్గర్నుంచి మూడో అంతస్తు పళ్ళ డాక్టరమ్మ దాకా అందరికీ ఆయన లిఫ్టు బాబాయే. అది పాతకాలం లిఫ్టు. జాలీ తలుపు చేత్తో లాగాలి, ఇత్తడి పిడి తిప్పితే కదులుతుంది, వదిలితే ఆగుతుంది. ఒక మూల చెక్క స్టూలు, నెత్తిన చిన్న ఫ్యాను, గోడకి 'ఆరుగురు మాత్రమే' అని రేకు బోర్డు. ఇక దాని నడక ఎంత నిదానమంటే, కింద ఎక్కినవాళ్ళు ఏడో అంతస్తు చేరేలోగా వాళ్ళింటి సంగతంతా చెప్పేసి, బాబాయ్ ఇంటి సంగతి సగం వినేవాళ్ళు. మిగతా సగం దిగేటప్పుడు.

బాబాయ్‌కి నోరు ఊరుకోదు. అది నిజం, ఆయనా ఒప్పుకుంటాడు. ఇంట్లో మాత్రం ఆ నోటికి పని లేదు. ఆయన ఇల్లాలు మనకి పిన్ని అవుతుంది కదా, ఆ పిన్ని మొదలుపెట్టిందంటే మధ్యలో సూది దూర్చడానికి కూడా సందుండదు. ఆయన 'ఊఁ' అనేలోపు ఆవిడ ఇంకో సంగతిలో ఉంటుంది. "రోజంతా ఎక్కుతారు, దిగుతారు. సాయంత్రానికి చూస్తే ఎక్కడున్నవారు అక్కడే" అని ఎత్తిపొడుస్తుంది కూడా. అందుకని ఆయన కడుపులో మాటలన్నీ దాచుకుని పొద్దున్నే లిఫ్టుకి వచ్చేవాడు. మోకాలు అరిగిపోయింది, వయసు మీద పడింది, ఆ స్టూలు పోతే ఇంకెవరూ పని ఇవ్వరని తెలుసు. అంతకంటే పెద్ద బెంగ, ఆ స్టూలు పోతే ఆయన మాట్లాడే చోటే పోతుంది.

ఆ రోజుల్లో ఊళ్ళో కంచెవాళ్ళ జోరు ఎక్కువైంది. బయటనుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళని ఏటి అవతలికి పంపేసి మధ్యలో కంచె వెయ్యాలనేది వాళ్ళ వాదన. కాదన్నవాళ్ళ మీద ఒంటికాలి మీద లేచేవాళ్ళు. ఊరివాళ్ళంతా తమ మాట చెప్పుకునే చోటొకటి ఫోన్లో ఉండేది, దాన్ని 'ఊరి గోడ' అనేవాళ్ళు. అందులో ఎవరేం రాసినా కింద రెండు బాణాలుంటాయి. నచ్చితే పై బాణం, నచ్చకపోతే కింది బాణం. కింది బాణాలు ఎక్కువైన రాత బూడిద రంగుకి తిరిగి, ముడుచుకుపోయి, ఎవరికీ కనిపించకుండా పోతుంది. కంచెని మెచ్చుకున్న రాతలు పైకి, కాదన్నవి పాతాళానికి. ఊరంతా ఒకే మాట మీద ఉన్నట్టు కనిపించేది. అబ్బో, ఏం ఐకమత్యం!

ఒకరోజు పళ్ళ డాక్టరమ్మ లిఫ్టెక్కింది. ముఖం కందగడ్డలా ఉంది.

"ఏమైందమ్మా?" అన్నాడు బాబాయ్.

"గోడ మీద నాలుగు ముక్కలు రాశాను బాబాయ్. టీ తాగి వచ్చేసరికి మాయం. ఒక్కరైనా చదివుంటే అది వేరు. చదివే టైమే లేదు, అప్పుడే అన్ని వందల మందికి ఎలా నచ్చకుండా పోయింది?"

"కింది బాణం నొక్కితే కిందికి దిగాలి గానీ మాయమైపోవడమేంటమ్మా? నేను ఇన్నేళ్ళుగా కిందికి దింపినవాళ్ళంతా క్షేమంగా ఇళ్ళకి చేరారే!" అన్నాడు బాబాయ్. డాక్టరమ్మకి కోపంలోనూ నవ్వొచ్చింది. "ఇంతకీ ఏం రాశారో నాకు చెప్పండి. నా చెవులకి బాణాల్లేవు."

ఆవిడ ఫోను తీసి చదివింది. "చాలా ఏళ్ళుగా ఈ ఊళ్ళో పళ్ళు చూస్తున్నాను. నోరు తెరిచి నా కుర్చీలో పడుకున్నాక, ఎవరు ఈ ఊరివాళ్ళో ఎవరు బయటివాళ్ళో నాకు తెలియదు. నొప్పి పుడితే అందరూ ఒక్కలాగే కుర్చీ చేతులు బిగించి పట్టుకుంటారు. రేపు కంచె వేస్తే, నా కుర్చీ ఎటువైపు వెయ్యమంటారు?"

బాబాయ్ పిడి వదిలేశాడు. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. "ఇంకోసారి చదవండమ్మా" అన్నాడు.

రెండోసారికి మాటలన్నీ ఆయనకి నోటికొచ్చేశాయి. ఇక చూసుకోండి! ఆ సాయంత్రం లిఫ్టెక్కిన ప్రతివాళ్ళకీ ఆ కుర్చీ సంగతి చెప్పాడు. నవ్వినవాళ్ళున్నారు, తల పంకించినవాళ్ళున్నారు. 'పళ్ళు పీక్కోక ఆవిడకెందుకివన్నీ' అని విసుక్కున్నవాళ్ళూ ఉన్నారు. విసుక్కున్నా పూర్తిగా విన్నారు. లిఫ్టులోంచి ఎక్కడికి పోతారు? తర్వాత నెమ్మదిగా అదొక అలవాటుగా మారింది. ఆరో అంతస్తు టైపిస్టు, కింద మందుల షాపాయన, ఎవరి రాత ముడుచుకుపోయినా లిఫ్టులో బాబాయ్‌కి అప్పజెప్పేవాళ్ళు. ఆయన దాన్ని అంతస్తు అంతస్తుకీ చేరేసేవాడు. కంచె కావాలని రాసిన పాలవాడి రాత ఒకటి పొరపాటున మునిగిపోతే దాన్నీ చెప్పాడు. ఆయనకి వివక్ష లేదు.

ఐదో అంతస్తులో 'ప్రచార సేవలు' అని బోర్డున్న ఆఫీసు ఒకటుండేది. లోపల చిన్న వయసు ఆడపిల్లలు, మగపిల్లలు ఓ ముప్ఫై ఐదుమంది పనిచేసేవాళ్ళు. ఏం పనని అడిగితే "ఫోన్ల పని బాబాయ్" అనేవాళ్ళు. వాళ్ళలో ఒకమ్మాయి నిండు చూలాలు. వికారానికి ఎప్పుడూ చేతిలో నిమ్మకాయ పట్టుకుని వాసన చూసుకుంటూ ఉండేది. బాబాయ్ ఆ పిల్లకి నిమ్మకాయని పేరు పెట్టాడు. ఆ పిల్ల ఎక్కగానే స్టూలు ఇచ్చేసి, ఫ్యాను అటు తిప్పి, తను నిలబడేవాడు. "ఏం నిమ్మకాయా, లోపలున్నవాడు ఏమంటున్నాడు?" అంటే, "మీ కబుర్లు వినడానికే తొందరగా వస్తానంటున్నాడు బాబాయ్" అనేది. ఆ పిల్ల దిగిపోయాక కూడా లిఫ్టులో కాసేపు నిమ్మ వాసన ఉండేది.

ఆ ఆఫీసు సారు మహా మర్యాదస్తుడు. ఇస్త్రీ మడత నలగదు, గొంతు పెరగదు. ఒకరోజు ఆయన ఎక్కినప్పుడు బాబాయ్ అలవాటుగా డాక్టరమ్మ కుర్చీ సంగతి ఎత్తుకున్నాడు. సారు ఆసాంతం విని, నవ్వి, బాబాయ్ భుజం తట్టి, "బాగా చెప్తున్నారే" అని దిగిపోయాడు. బాబాయ్ ఆ మెప్పుకి పొంగిపోయాడు కూడా. పాపం, అమాయకుడు.

ఆ మర్నాడే ఊరి గోడలో భవనం అద్దెదారులకున్న పేజీలో ఒక ప్రశ్న వచ్చింది. 'బటన్లు పెట్టించుకునే రోజుల్లో లిఫ్టుకి మనిషి అవసరమా? అతిగా మాట్లాడి ఇబ్బంది పెడుతున్నాడు. ఓటు వెయ్యండి.' శుక్రవారం ఉదయం దాకా గడువు. ఎక్కువ ఓట్లు ఎటుంటే అటే అని భవనం మేనేజరు కింద ఒక వాక్యం రాశాడు. మేనేజరు చెడ్డవాడు కాదు, గట్టిగా తుమ్మాలన్నా నలుగురి ముఖాలూ చూసే రకం.

ఆ సంగతి బాబాయ్ చెవిన పడింది. ఇంటికెళ్ళి పిన్నికి చెప్పాడు. ఆవిడ, చిత్రం, మధ్యలో అడ్డు తగలకుండా ఆసాంతం వింది. "మిమ్మల్ని మాట్లాడొద్దనే హక్కు నాదొక్కదానిదే అనుకున్నానే! వీళ్ళెవరు మధ్యలో?" అంది చివరికి. అని, ముక్కు చీదుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత లిఫ్టులో ఒక మార్పు వచ్చింది. ఐదో అంతస్తు పిల్లలు ఎక్కడం మానేశారు. పొద్దున్నే గుమ్మంలోకి వచ్చి, బాబాయ్ వైపు చూడకుండా, తలలు వంచుకుని మెట్ల వైపు పోయేవాళ్ళు. మొదటిరోజు ఆయన వ్యాయామం కాబోలనుకున్నాడు. రెండోరోజు ఒకణ్ణి పిలిచాడు. "ఏరా, నా లిఫ్టుకేమైనా గజ్జి పట్టిందా?" వాడు రెండేసి మెట్ల చొప్పున పరుగు తీశాడు. మూడోరోజు నిమ్మకాయ కూడా, ఆ బరువుతో, గోడ పట్టుకుని మెట్ల వైపే వెళ్ళింది. అప్పుడు అర్థమైంది బాబాయ్‌కి. ఫోన్ల పనంటే ఏమిటో, డాక్టరమ్మ రాత టీ తాగి వచ్చేలోగా ఎలా మాయమైందో, ఇప్పుడు తన స్టూలు మీద ఎవరు నొక్కుతున్నారో, అన్నీ ఒక్కసారిగా తెలిశాయి. కోపం వచ్చింది. చాలా వచ్చింది. కానీ ఆ పిల్ల మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి పీల్చుకునే చప్పుడు పై నుంచి వినబడుతుంటే, ఆ కోపం ఎటుపోయిందో ఆయనకే తెలియలేదు.

శుక్రవారం ఉదయం మేనేజరు గదిలోకి పిలిచాడు. కళ్ళెత్తకుండా ఫోను ముందుకి జరిపాడు. ఉంచమన్నవాళ్ళు అరవై మంది. తీసెయ్యమన్నవాళ్ళు నాలుగు వేల చిల్లర.

బాబాయ్ కళ్ళు తేలేశాడు. "అయ్యా, ఈ భవనంలో అందరినీ, చీమల్తో సహా కలిపి లెక్కేసినా రెండు వందలు దాటరు. ఈ నాలుగు వేల మందీ నా లిఫ్టెక్కుంటే తాళ్ళు తెగి మనం ఎప్పుడో పోయుండేవాళ్ళం!"

మేనేజరు నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "నాకు తెలీదనుకున్నావా బాబాయ్? తెలుసు. దొంగ ఓట్లన్నానంటే రేపీపాటికి ఆ గోడ మీద నేనుంటాను. నాకూ పెళ్ళాం పిల్లలున్నారు. సోమవారం బటన్లవాళ్ళు వస్తారు. నన్ను తిట్టుకోవద్దు" అని చేతులెత్తేశాడు. బాబాయ్ తిట్టలేకపోయాడు.

తిరిగొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఐదో అంతస్తు బెల్లు మోగింది, సారు దిగాలి కాబోలు. పిడి మీద చెయ్యి వేశాడు. అప్పుడే మెట్ల మీద ఎక్కడో పైన దబ్బుమని కూలబడ్డ చప్పుడు, "అమ్మా" అని సన్నని మూలుగు. ఒక నిమ్మకాయ మెట్టు మెట్టుకీ తగిలి దొర్లుకుంటూ వచ్చి ఆయన కాళ్ళ దగ్గర ఆగింది.

బెల్లు మోగుతుంటే ఆ లిఫ్టుని వదిలి ఆయన ఎప్పుడూ కదిలింది లేదు. ఇప్పుడు వదిలేశాడు. అరిగిన మోకాలితో, కమ్మీ పట్టుకుని, పళ్ళు బిగించి ఎక్కాడు. పైన బెల్లు మోగుతూనే ఉంది. రెండో అంతస్తు మలుపులో ఆ పిల్ల గోడకి ఆనుకుని కూర్చునుంది. చెమటతో ముఖం తడిసిపోయింది.

"పడ్డావా తల్లీ? దెబ్బ తగిలిందా?"

"లేదు బాబాయ్. కళ్ళు తిరిగితే కూర్చుండిపోయా." ఆయన ముఖం చూడగానే ఆ పిల్ల బావురుమంది. "నేను కూడా నొక్కాను బాబాయ్, మిమ్మల్ని తీసెయ్యమని. ఈ నెలల్లో ఇంకెవరు పనిస్తారని నొక్కాను. ఒక్క ఓటు కాదు. నా దగ్గర నూట ఇరవై పేర్లున్నాయి. నేనొక్కదాన్నే నూట ఇరవై మందిని బాబాయ్!"

బాబాయ్ కింద నుంచి ఏరి తెచ్చిన నిమ్మకాయని చొక్కాకి తుడిచి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. "నూట ఇరవై మందివా? మరి నా లిఫ్టు ఆరుగుర్నే మోస్తుందే! సరేలే, సర్దుకుందాం. కదలకు, తీసుకొస్తా" అన్నాడు.

కిందికి దిగి, లిఫ్టు తెచ్చి, ఆ పిల్లని నడిపించి స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఫ్యాను అటు తిప్పాడు. ఐదో అంతస్తుకి పోనిచ్చాడు.

తలుపు లాగేసరికి ఎదురుగా సారు. ఆయన వెనక, తెరిచున్న ఆఫీసు గుమ్మంలో, వరస బల్లల దగ్గర పిల్లలు. ప్రతి బల్ల మీదా పేర్చిన ఫోన్లు. "ఎంతసేపయ్యా బెల్లు కొట్టడం?" అన్నాడు సారు. మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. స్టూలు మీద ఉన్నదెవరో చూసి, "నువ్వు పద, పని మొదలైంది" అన్నాడు.

ఆ పిల్ల లేవలేదు. "బాబాయ్, ఆ డాక్టరమ్మ రాసింది ఇంకోసారి చెప్పండి. ఆ రోజు నొక్కాను గానీ చదవలేదు. మాలో ఎవరూ చదవలేదు" అంది. బల్లల దాకా వినబడేలా అంది.

బాబాయ్ జాలీ తలుపుకి కాలు అడ్డం పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. నోరు తెరిచి కుర్చీలో పడుకున్నవాళ్ళ సంగతి, నొప్పికి అందరూ ఒక్కలాగే కుర్చీ చేతులు పట్టుకోవడం. ఫోన్ల మీద వేళ్ళు ఆగిపోయాయి. "తలుపు వెయ్యి" అన్నాడు సారు. "వేస్తాను సార్. మాట పూర్తి కానివ్వండి" అన్నాడు బాబాయ్. ఆయనకిక పోగొట్టుకోవడానికేముంది, సోమవారం దాకా ఆ లిఫ్టు ఆయనదే. రేపు కంచె వేస్తే నా కుర్చీ ఎటువైపు వెయ్యమంటారు అని చివరిదాకా చెప్పాడు. లోపల ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది.

"ఇప్పుడు దింపండి బాబాయ్, ఇంటికి పోతాను. ఇక ఈ పని చెయ్యను" అంది ఆ పిల్ల.

సారు లిఫ్టులోకి అడుగెయ్యబోయి, ఎందుకో వేయలేక, మెట్ల వైపు తిరిగాడు. బాబాయ్ తలుపు లాగి, పిడి మీద చెయ్యి వేసి, రోజూ అందరినీ అడిగినట్టే అడిగాడు.

"ఎంతమందిమి తల్లీ?"

ఆ పిల్ల పొట్ట మీద చెయ్యి వేసుకుని లెక్క చూసుకుంది. "మీతో కలిపి ముగ్గురం బాబాయ్" అంది.

బాబాయ్ లిఫ్టుని కిందికి పోనిచ్చాడు.