సరంగు నాలుక

చెప్పుకోవడానికి సిగ్గే గాని, ఉన్నమాట చెప్పేస్తాను. నా ఉద్యోగకాలం మొత్తంలో నేను ఎవరి చదువుకీ కుళ్లుకోలేదు, ఎవరి జీతానికీ కుళ్లుకోలేదు. ఒక ముసలాడి నాలుకకి కుళ్లుకున్నాను.

అప్పట్లో కాకినాడ దగ్గర ఒక నూలు మిల్లులో యంత్రాలన్నిటికీ నేనే పెద్ద. మద్రాసులో ఇంజనీరింగు చదివి వచ్చినవాణ్ణి. బాయిలరు చూసే ముసలాడు నా కింద పనివాడు. చేపలు పట్టే ఇంట పుట్టి, కాలువ స్టీమర్లలో పనిచేసి వచ్చాడని అందరూ వాణ్ణి సరంగు అనేవారు.

బాయిలరుకి నీళ్లు కాలువవే. పూడిక తీయడానికి ఏటా వేసవిలో కాలువ కట్టేసేవారు. మళ్లీ వదిలేదాకా మాకు ఉప్పుటేరే గతి. ఆటు వేళ ఆ నీళ్లు పనికొచ్చేవి, పోటు వేళ ఉప్పెక్కేవి. ఏ పూట ఎంత ఎక్కిందో చెప్పడం బ్రహ్మతరం కాదు. ఉప్పు నీళ్లు బాయిలర్లో పడితే నురగ పొంగి, ఆవిరితో పాటు నీళ్లు కూడా ఇంజనులోకి పోయి దాన్ని పగలగొడతాయి. అందుకని సరంగు పూటపూటా దోసెడు నీళ్లు పుక్కిలించి ఉమ్మి, "తోడొచ్చండి" అనో "వద్దండి" అనో చెప్పేవాడు.

మిల్లు యజమాని షావుకారు గారు పొద్దున్నే వచ్చి, నా బల్ల పక్కనుంచే నడిచి వెళ్లి, "ఏంటి సరంగూ, ఇవాళ ఆడించొచ్చా?" అని వాణ్ణి అడిగేవారు. నేనొకణ్ణి అక్కడ ఏడిచానన్న ధ్యాసే లేదు! ఒళ్లు మండిపోయేది. నా పట్టాకి అద్దం కట్టించి గోడకి తగిలించుకున్నాను. ఎవడిక్కావాలి?

ఒక వేసవిలో ఆయన ఎవరితోనో, "సరంగుండగా మనకి ఇంజనీరెందుకండీ?" అన్నారట. నవ్వులాటకే అన్నారట. నాకు ఆ పూట అన్నం సహించలేదు. నా ఉద్యోగం ఊడినట్టే అనిపించింది.

మర్నాడు పొద్దున్న సరంగు నీళ్లు ఉమ్మి, "ఉప్పు తగిలిందండి. మధ్యాహ్నం దాకా ఆగుదామండి" అన్నాడు.

నేనూ దోసెడు నోట్లో పోసుకున్నాను. నాకేమీ తెలియలేదు. దాంతో మరీ మండింది.

"నీ నోరు చెబితే మిల్లు ఆగాలా? తోడించు."

"బాబూ, నా మాట వినండి..."

"తోడించమన్నానా లేదా?"

తోడించాడు. గంట తిరక్కుండా ఇంజనులో రోకలి పోటు లాంటి చప్పుడు. సిలిండరు మూత రెండు చెక్కలైంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదే పదివేలు. షావుకారు గారు పరుగెత్తుకొచ్చారు.

"నీళ్లు చూడలేదా?"

"చూశాడండి. బాగున్నాయనే చెప్పాడండి" అన్నాను నేను.

సరంగు తలెత్తి నావైపు చూశాడు. కాదని ఒక్క మాట అంటే నా పని సరి. వాడు కండువా దులిపి భుజాన వేసుకుని, "ఇంజనీరు గారు చెప్పాక ఇంకేముందండి" అన్నాడు. ఆ రోజే వాణ్ణి పనిలోంచి తీసేశారు.

మరుసటి ఏడు కాలువ కట్టేసిన రోజున షావుకారు గారు మొట్టమొదటిసారి నా బల్ల దగ్గర ఆగారు.

"ఏంటండీ ఇంజనీరు గారూ, ఇవాళ ఆడించొచ్చా?"

ఎన్నేళ్లు ఎదురుచూశాను ఆ ప్రశ్న కోసం! లేచి వెళ్లి, అందరూ చూస్తుండగా దోసెడు నీళ్లు పుక్కిలించాను. ఏటి బురద రుచి తప్ప నాలుకకి ఏమీ తగల్లేదు.

"వద్దండి" అన్నాను.

మర్నాడూ అదే మాట. ఆ పై రోజూ అదే. కాలువ వదిలేదాకా మిల్లు ఆడనేలేదు. అదే ఏటి ఒడ్డున, మాకు కాస్త దిగువన, కొత్తగా పెట్టిన బియ్యపు మిల్లు పొగగొట్టం మాత్రం పూటపూటా పొగ వదులుతూనే ఉంది. సరంగు అక్కడ చేరాడట. కిటికీ దగ్గర నిలబడి ఆ పొగ చూస్తూ, అప్పుడు కూడా కుళ్లుకున్నాను.