ఇంకా తెలీదండి

నిన్న చీపురుపల్లిలో ఒక మందుల గోదాము ఏసీకి గ్యాసు చూస్తూ, కంప్రెసర్‌కు తిరిగివచ్చే గొట్టాన్ని గుప్పిట పట్టాను. చల్లదనం మణికట్టుదాకా పాకింది. పైడిరాజు మేస్త్రిగారు గుర్తొచ్చారు. ఐటీఐ చదివి వచ్చిన నన్ను, ఆడపిల్లకిదేం పని అనకుండా చేర్చుకున్న ఒకే ఒక్క మెకానిక్ ఆయన. బక్కపలచని మనిషి. మెచ్చుకోవడం రాదు, తిట్టడమూ రాదు.

పనిలో చేరిన రెండో వేసవిలో, భోగాపురం దగ్గర చేపలమ్మే ఆడవాళ్లు కలిసి నడుపుకునే చల్లగది చెడింది. లోపల నాలుగు పడవల చేప. మేస్త్రిగారు వేరే పనిలో ఉండి నన్ను ముందు పంపారు. గేజీ పెడితే ప్రెషర్ చాలా తక్కువ. ఆ ప్రెషర్‌కు గ్యాసు మైనస్ ఇరవై దగ్గర మరుగుతున్నట్టు లెక్క. తిరిగివచ్చే గొట్టం మీద చూస్తే ప్లస్ నాలుగు. ఈ తేడానే సూపర్‌హీట్ అంటాం. ఆరేడు ఉండాల్సింది ఇరవై నాలుగుంది. గ్యాసు తగ్గిందని తేల్చేసుకున్నాను.

వాళ్ల పెద్ద పోలమ్మ నా వెనకే నిలబడింది. "ఏటమ్మా అలా సూస్తన్నావు? గేసు ఎక్కించీరాదా! సేపలు మెత్తబడిపోతన్నాయి."

చెమటతో జారుతున్న చేత్తో సిలిండర్ వాల్వు పట్టుకున్నాను. అప్పుడే వచ్చిన మేస్త్రిగారు నా చేతి మీద చెయ్యి వేశారు.

"రెండోపక్క సూసినావా?"

చూడలేదు.

"గేసు తక్కువేనా బాబూ?" అంది పోలమ్మ.

"ఇంకా తెల్దమ్మా. ముందు సేపలు అయిసులో ఎయ్యండి."

ఆ మాటకు నాకు సిగ్గేసింది. ఇంత అనుభవం ఉన్న మనిషి, అంతమంది ముందు తెలియదంటాడా! ఆయన మాత్రం రెండోపక్కన, కండెన్సర్ నుంచి ద్రవం వచ్చే గొట్టానికి థర్మామీటర్ కట్టమన్నారు. ప్రెషర్ ప్రకారం గ్యాసు నలభై అయిదు దగ్గర ద్రవమవుతోంది. గొట్టం ముప్ఫై ఒకటే చూపింది. ఈ తేడా సబ్‌కూలింగ్. గ్యాసు తగ్గితే ఇది పడిపోవాలి. ఇక్కడ పద్నాలుగుంది, ఉండాల్సినదానికి రెట్టింపుకు పైనే. అంటే గ్యాసు తగ్గలేదు, దారిలో ఎక్కడో ఆగిపోయింది. ఆ దారిలో ఉన్న ఫిల్టర్ తడిమి చూశాను. ఒక కొస వెచ్చగా, రెండో కొస చల్లగా ఉంది. పూడుకుపోయింది. నేను వాల్వు తిప్పి ఉంటే గ్యాసు ఎక్కువై కంప్రెసర్ కాలిపోయేది.

గ్యాసు బయటికి తీసి, ఫిల్టర్ మార్చి, మళ్లీ తూకం ప్రకారం నింపేసరికి సాయంత్రమైంది. రెండు బుట్టల చేప పోయింది, మిగతాది నిలిచింది.

తిరుగు బస్సులో అడిగాను, "మీకు భయమెయ్యలేదా?"

"ఎందుకెయ్యదు? బొబ్బిల్లో ఒకపాలి ఇలాగే గేసు ఎక్కించీసి కంప్రెసర్ కాల్సీనాను. ఆ ఆసామి నన్ను ఒక్కమాట అన్నేదు. అది తల్సుకుంటే ఇప్పటికీ నిద్దరట్టదు."

ఆయన పోయి రెండేళ్లయింది. నా భయం పోలేదు, పోతుందని చూడటమూ మానేశాను. నిన్న గోదాము యజమాని నా వెనక నిలబడి "గ్యాసేనా?" అని రెండుసార్లు అడిగాడు. "ఇంకా తెలీదండి" అన్నాను. అనడానికి సిగ్గేయలేదు. థర్మామీటర్ తీసుకుని రెండోపక్కకు నడిచాను.