కల్లు లెక్కలో జర్మన్ వైన్

మస్కట్ హోటల్లో నా జర్మన్ వైన్ పరిజ్ఞానం తేలిపోయింది. సీసా మీద ‘స్పేట్‌లేజె’ అని చూసి తీపి వైన్ అనుకుని, నాకు పడదని వెనక్కి పంపబోతే, జగిత్యాల నుంచి వచ్చిన వెయిటర్ రాజేశం ఆపాడు.

“అది తీపి సంగతి కాదు సార్, ద్రాక్ష ఎప్పుడు తెంపిన్రో చెప్తది. కాబినెట్ అంటే ముందుగాల తెంపింది, స్పేట్‌లేజె అంటే బాగ పండినంక. పక్కన ‘ట్రోకెన్’ అని ఉన్నది సూడుండ్రి, తీపి ఉండదు. మన తాటికల్లుకు కాలాన్ని బట్టి పోద్దాడు, పరుపుదాడు, పండుతాడు అంటం గద. గిదీ గట్లనే.”

“మీకేది ఇష్టం?” అన్నాను.

“వైన్ ఎన్నడు తాగలే సార్, ట్రైనింగ్‌ల నేర్చుకున్న. ఎండకాలం లీవుల పోతే మా నాయిన గీసిన పరుపుదాడు కల్లు తాగుత, గంతే.”

నిజంగానే వైన్‌లో తీపి లేదు, బాగుంది. పరుపుదాడు రుచి మాత్రం నాకింకా తెలియదు.