రైలు పట్టాల పక్క దారిలో ఆ మధ్యాహ్నం

ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం ఊళ్లకు ఊళ్లు అమీర్‌పేటకు తరలివస్తున్న రోజులవి. నేనూ మా చెల్లెలు సుధా తెనాలి నుంచి వచ్చి సనత్‌నగర్‌లో గది తీసుకున్నాం. మైత్రీవనంలో కోర్సులు నేర్చుకుంటున్నాం.

నేను రోజూ సైకిల్ మీద, రైలు పట్టాల పక్కనున్న మట్టిదారిలో వెళ్లేవాణ్ని. చాలా పొడుగు దారి. ఒకవైపు పట్టాలు, ఇంకోవైపు ప్రహరీ. బండ్లు తిరగవు. తిరగకుండా అమీర్‌పేట వైపు చివర పాత పట్టా ముక్కలు నిలువుగా పాతి కాంక్రీటు పోశారు. మనిషైతే పక్కకు తిరిగి దూరగలడు. సైకిల్‌ని మాత్రం భుజానికెత్తుకుని పైనుంచి అవతలికి దించాల్సిందే.

సుధకు ఉబ్బసం. ఒక వానరోజు మధ్యాహ్నం ఊపిరి అందలేదు. ఇన్‌హేలర్ పనిచేయలేదు. రోడ్డంతా నీళ్లు, కదలని బస్సులు. ఆటోవాళ్లు రామన్నారు. అంబులెన్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుందన్నారు. తన పెదవులు నీలంగా మారుతున్నాయి. సైకిల్ క్యారియర్ మీద కూర్చోబెట్టి, చున్నీతో నా నడుముకు కట్టుకుని, పంజాగుట్ట ఆసుపత్రికని ఆ దారిలోకి దిగాను.

బురదలో తొక్కుతున్నంతసేపూ ఆ పట్టా ముక్కల గురించే భయం. అక్కడ తనను దించాలి, అవతలికి లాగాలి, సైకిల్ ఎత్తాలి, మళ్లీ కూర్చోబెట్టాలి. నా వీపుకు ఆనుకున్న సుధ ఛాతీలోంచి పిల్లికూతలు వినిపిస్తున్నాయి. కాసేపటికి అవీ తగ్గిపోయాయి. ఇక దక్కదనిపించింది. ఏడుస్తూ తొక్కాను. ఎవరైనా ఉండండి, ఎవరైనా సరే అని పైకే అన్నాను.

ఆ తర్వాత నాకు గుర్తున్నది అమీర్‌పేట రోడ్డు. నేను దిగలేదు, సైకిల్ ఎత్తలేదు. చున్నీ ముడి వేసింది వేసినట్టే ఉంది. ఆగిపోయిన బస్సుల సందుల్లోంచి ఆసుపత్రికి చేరాం. ఇంకాస్త ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదని డాక్టరుగారు అన్నారు.

సుధ తేరుకున్నాక ఆ చోటికి వెళ్లాను. పట్టా ముక్కలు అలాగే ఉన్నాయి. కాంక్రీటు మీద పాత నాచు. పట్టుకుని ఊపాను, కదల్లేదు. సైకిల్ తోసి చూశాను, హ్యాండిల్ దూరలేదు. పక్కన చాయ్ కొట్టు నడిపే సలీం భాయ్‌ని అడిగాను.

"గవి ఎవ్వరు తియ్యలే అన్నా. గా వానల సుత అట్లనే ఉన్నయి," అన్నాడు. ఆ మధ్యాహ్నం కొట్టు తెరిచే ఉందట. మేం వెళ్లడం మాత్రం చూడలేదట.

సుధ గదికి వచ్చాక అడిగాను. అప్పుడు తనకు తెలివి ఉందట. గేటు కిర్రుమనడం విందట. ఆ దారిలో గేటు లేదు.

"నువ్వు ఆగావు కదా అన్నయ్యా. ఎవరో పెద్దాయన గేటు పట్టుకుని నిలబడి నిన్నేదో అడిగారు."

ఏమడిగాడన్నాను.

"అది నాకు వినపడలేదు. నువ్వు సరే అన్నావు. ఆయన మళ్లీ అడిగారు. మళ్లీ సరే అన్నావు."

ఏళ్లు గడిచాయి. సుధ బాగానే ఉంది. నేనూ బాగానే ఉన్నాను. దేనికి సరే అన్నానో ఇప్పటికీ నాకు తెలియదు.