రెండు డిస్కుల వాటా

ఆయన పేరు అడగలేదు గానీ, ఆ గొంతు ఇప్పటికీ గుర్తుంది. సఖినేటిపల్లి పంటు మీద గోదావరి దాటుతుంటే, నేను కంప్యూటర్లు బాగుచేస్తానని తెలిసి, సంచిలోంచి రెండు హార్డ్‌డిస్కులు తీశారు.

"మాది పెళ్లి వీడియోల స్టూడియో అండి. తమ్ముడూ నేనూ వేరుపడ్డాం. వీడియోలన్నీ ఉన్న నాలుగు డిస్కులూ చెరో రెండు పంచుకున్నాం. నావి తెరుచుకోవట్లేదండి."

ఉలిక్కిపడ్డాను. "నాలుగూ కలిపి ఒకే పెట్టెలో వాడుంటారు, అలాగైతే ప్రతి పెళ్లి వీడియో నాలుగింటిలోనూ ముక్కలుగా ఉంటుందండీ. ఇంకో డిస్కు చేర్చి పెంచుకోవచ్చు గానీ, రెండు తీసేసి తగ్గించడం కుదరదు. నాలుగూ మళ్లీ ఒకచోట పెడితే తెరుచుకుంటాయి."

"అంటే నావి లేకపోతే వాడివీ తెరుచుకోవు కదండీ?"

"తెరుచుకోవు."

"ఆయ్," అని, రెండింటినీ గోదావరిలోకి వదిలేశారు.

రేవులో ఆయనే నా సంచి అందుకుని, "జారుద్దండి, చూసుకుని దిగండి," అన్నారు.